సామ్రాజ్యం డబ్బా

మార్చి పదకొండో తేదీ, మంగళవారం సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు తూములపాలెంలో పదిహేనేళ్ల కిందటి ఒక సాయంత్రం పద్నాలుగోసారి తిరిగి వచ్చింది. నాలుగు గంటల యాభై ఒక్క నిమిషం దాకా ఉంది. ఆ పదకొండు నిమిషాల్లో పసుపు యార్డు గుమాస్తా పోలిశెట్టి భావనారాయణ ఎప్పటిలాగే హత్యకు గురయ్యాడు.

ఆ హత్య కేసులో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న కొండేపి సామ్రాజ్యం, తాను నిర్దోషినని అర్జీ పెట్టినప్పుడల్లా ఆ సాయంత్రం వస్తుంది. అర్జీ ఏడాదికి ఒకటే పెట్టుకోవచ్చు. సామ్రాజ్యం వయసు ఇప్పుడు నలభై మూడు. జైలుకు వెళ్లకముందు యార్డులో పసుపు కొమ్ములు ఏరే కూలీ.

సాయంత్రం వచ్చినప్పుడు ఊళ్లోవాళ్లు ఎక్కడ ఉండాలో రెవెన్యూ శాఖ ముందుగా నోటీసు ఇస్తుంది. ఎవరైనా హత్య జరిగినప్పుడు పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో ఎక్కడ ఉన్నానని చెప్పారో అక్కడే ఉండాలి. నిజంగా ఎక్కడున్నారన్నది నోటీసులో అడగరు. వాంగ్మూలం లేనివాళ్లకు స్థానం లేదు, వాళ్లు ఇళ్లలోంచి బయటకు రాకూడదు. సాక్షుల్లో ఈలోపు చనిపోయినవాళ్లు తొమ్మిది మంది. వాళ్ల స్థానాల్లో పేరు రాసిన కుర్చీలు వేస్తారు. చనిపోయినవాళ్లలో తిరిగి వచ్చేది హతుడొక్కడే.

భావనారాయణ నాలుగు నలభైకి కమీషన్ కొట్టులో బల్ల ముందు కూర్చుని బస్తాలకు కట్టే చీటీలు రాస్తూ ఉంటాడు. వీపు తలుపు వైపు ఉంటుంది. నాలుగు నలభై ఆరుకి బల్ల మీదున్న ఐదు కిలోల తూకం రాయి పైకి లేచి అతని తల మీద పడుతుంది. ఐదు నిమిషాలు నేలమీద ఉంటాడు. యాభై ఒకటికి ఉండడు.

సామ్రాజ్యం స్థానం తీర్పు ప్రకారం ఆ కొట్టు లోపల, బల్లకు రెండడుగుల దూరంలో. పదమూడేళ్లుగా ఆమెను బేడీలతో తెచ్చి అక్కడ నిలబెడుతున్నారు. మొదటి ఏడాది ఆమె రాయికి అడ్డం పడింది. అది పెనుగులాటగా నమోదైంది. రెండో ఏడాది కేకలు వేసింది. హతుడు తల ఎత్తలేదు, ఎందుకంటే ఆ రోజు ఎత్తలేదు. మూడో ఏడాది నుంచి ఆమె మామూలుగా చెబుతూ వస్తోంది.

"లే బాబాయ్. బయటికి పోదాం."

"ఉండమ్మా, ఈ నాలుగు చీటీలు రాయనీ," అంటాడు భావనారాయణ తల ఎత్తకుండానే.

అదే సమయానికి కొట్టు యజమాని, యార్డు కమిటీ చైర్మన్ యడ్లవల్లి కోదండరామయ్య పోస్టాఫీసు అరుగు మీద ఉంటారు. ఆయన వాంగ్మూలంలో ఉన్న స్థానం అది. కొట్టుకూ అరుగుకూ మధ్య దూరం నాలుగు వందల మీటర్లు. ప్రతి ఏడాది నాలుగు నలభై ఆరుకి ఆయన కుడి చెయ్యి భుజం దాటి పైకి లేచి, బలంగా కిందికి దిగుతుంది. పక్కన నిలబడే రిటైర్డు పోస్టుమాన్, చైర్మన్ గారు అరుగు మీదే ఉన్నారని వాంగ్మూలం ఇచ్చిన మనిషి, ఆ సమయానికి అరడుగు పక్కకు జరుగుతాడు. చైర్మన్ గారికి భుజం నొప్పి ఉన్నట్టు రికార్డులో ఉంది.

హత్య జరిగినప్పుడు తాను రేషన్ షాపు ముందు కిరోసిన్ లైన్లో ఉన్నానని సామ్రాజ్యం మొదటి నుంచీ చెబుతోంది. తూములపాలెంలో కిరోసిన్‌కు మనుషులు లైన్లో నిలబడేవాళ్లు కారు. పొద్దున్నే డబ్బా పెట్టి పనికి పోయేవాళ్లు. వంతు డబ్బాది. ప్రతి డబ్బా మీదా పెయింటుతో పేరు ఉండేది. సాయంత్రం బండి వచ్చే వేళకు ఎవరి డబ్బా దగ్గరికి వాళ్లు చేరుకునేవాళ్లు. లైన్లో ఆమె వెనక ఉన్న గుంజి ఆదెమ్మను పోలీసులు ఒకే ప్రశ్న అడిగారు. నీ ముందు ఎవరున్నారు? ఆదెమ్మ చెప్పిన సమాధానం మూడు మాటలు. సామ్రాజ్యం డబ్బా ఉంది. తీర్పు ముప్ఫై ఒకటో పేరాలో న్యాయస్థానం, డబ్బా ఉన్నంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదని పేర్కొంది. డబ్బాను ఏడో నంబరు ఎగ్జిబిట్‌గా చేర్చారు. ప్రతి ఏడాది కోర్టు అటెండరు దాన్ని తెచ్చి లైన్లో పెట్టి, తర్వాత తీసుకుపోతాడు.

ఈ ఏడాది ఫిబ్రవరితో సామ్రాజ్యానికి పద్నాలుగేళ్ల శిక్ష పూర్తయింది. నేరం ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టి, అర్జీ మానుకున్న ఖైదీలను ఏప్రిల్లో విడుదల చేస్తారు. జైలు సూపరింటెండెంటు ఆమెను గదిలోకి పిలిపించారు.

"ఏమ్మా, ఈ ఒక్క ఏడాదీ ఊరుకున్నావంటే నెల తిరిగేసరికి ఇంట్లో ఉంటావు."

"ఊళ్లో దిగితే ఎవరొచ్చారంటారు సార్?"

"ఎవరో ఏదో అంటారు. రెండ్రోజులు అంటారు."

"ఆ అనేదాని మీద నన్ను సంతకం పెట్టమంటున్నారు. అర్జీ కాయితం ఇప్పించండి."

కాగితం ఇచ్చారు.

మంగళవారం జైలు బండి తూములపాలెం చేరేసరికి నాలుగున్నర దాటింది. రేషన్ షాపు దగ్గర లైన్లోని డబ్బాలు రోడ్డుకు అడ్డంగా ఉండడంతో బండి ఆగింది. ఆ షాపులో కిరోసిన్ ఇవ్వడం మానేసి చాలా కాలమైంది. ఆ పదకొండు నిమిషాల్లో మాత్రం పీపా మళ్లీ వస్తుంది కాబట్టి లైనుకు ఎవరూ మానరు. డ్రైవరు హారన్ కొట్టాడు. డబ్బాలు తీసేవాళ్లు లేరు. అంతలో నాలుగు నలభై అయింది.

నాలుగు నలభై తర్వాత ఎస్కార్టు సిబ్బంది బండి దిగడానికి లేదు. హత్య జరిగిన రోజు వాళ్లు ఊళ్లో లేరు, వాంగ్మూలాలూ లేవు. సామ్రాజ్యం తలుపు గడియ తీసింది.

"ఎక్కడికమ్మా?" అని అడిగింది హెడ్ కానిస్టేబుల్ నాగరత్నం.

"నా వంతు దగ్గరికి."

"నీ స్థానం కొట్లో గదా. నా ఉద్యోగం పోద్ది."

"దిగి ఆపండి మరి."

నాగరత్నం దిగలేదు. సామ్రాజ్యం బేడీలతోనే నడిచి వెళ్లి ఎగ్జిబిట్ డబ్బా పక్కన నిలబడింది. వెనక డబ్బా పక్కన ఆదెమ్మ ఉంది. ఆమెకు ఇప్పుడు అరవై ఆరేళ్లు.

"ఏందే, ఇటొచ్చావు?"

"డబ్బా ఒక్కటే ఎన్నేళ్లు నిలబడుద్ది అక్కా."

"ఊరంతా చూస్తంది."

"చూడ్డానికే గదా నోటీసులిచ్చింది."

ఆదెమ్మ ఆమె పాదాల వైపు చూసింది. తర్వాత, "ఆ రోజు నీ ఎడంకాలి చెప్పు తెగింది. పిన్నీసు నేనే ఇచ్చాను," అంది.

"మరి చెప్పలేదే?"

"అడిగారా? నీ ముందు ఎవురున్నారే ముసలీ అన్నారు. అప్పటికి నేను ముసలిదాన్ని గూడా కాదు. సామ్రాజ్యం డబ్బా అన్నా. మనం అట్టానే గదే అంటాం. లైన్లో మనిషి పేరు ఎవురు చెప్తారు?"

"తర్వాతైనా చెప్పాల్సింది."

"తర్వాత చెప్తే అబద్ధం సాక్ష్యం అన్నారు. లోపలేస్తారన్నారు. నాలుగేళ్ల మనవరాలు నా మీదే ఉంది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు దానికి పెళ్లయింది."

నాలుగు నలభై ఆరుకి పోస్టాఫీసు అరుగు మీద చైర్మన్ గారి చెయ్యి లేచింది. పోస్టుమాన్ అరడుగు జరిగాడు. కొట్లో కిందటేడు బిగించిన కెమెరా ప్రకారం, ఆ సమయానికి లోపల భావనారాయణ తప్ప ఎవరూ లేరు. రాయి లేచింది, పడింది. పునఃపరిశీలన అధికారి, డిప్యూటీ తహసీల్దారు జాన్ సుందరరావు నివేదికలో ఇలా రాశారు: "ఖైదీ తన స్థానంలో లేనందున పరిశీలన అసంపూర్తిగా ముగిసింది. హత్య పూర్తయినది."

ఐదు గంటలకు యార్డు వేలం షెడ్డులో, అర్జీ మీద ఏటా జరిగే ప్రజాభిప్రాయ సేకరణ మొదలైంది. హాజరు నాలుగు వందల పద్దెనిమిది. అధ్యక్షత కోదండరామయ్య గారిది. మజ్జిగ ప్యాకెట్లు కమిటీ ఇచ్చింది. మైకు దగ్గర ఒక్కొక్కరికి రెండు నిమిషాలు.

జూనియర్ కాలేజీ లెక్చరర్ ఒకాయన మొదట మాట్లాడారు. ఆమె లేకపోయినా భావనారాయణ చనిపోతాడని ఈ ఏడాది రుజువైందని, అంటే అతన్ని చంపాల్సిన అవసరమే ఆమెకు లేదని, అవసరం లేకుండా చంపిందంటే ఎంత పగ ఉండాలో సభ ఆలోచించాలని కోరారు. చప్పట్లు కొట్టారు. ఎరువుల కొట్టు యజమాని లేచి, తప్పు చెయ్యని మనిషి పద్నాలుగేళ్లు జైల్లో ఎందుకుంటుందని అడిగారు. వెనక వరుసలోంచి ఎవరో, "వెయ్యబట్టి ఉంది," అన్నారు. అధికారి, మైకు లేకుండా అన్న మాటలు రికార్డు కావని చెప్పారు.

"ఆవిడ కాదంటారు సరే," అన్నారు లెక్చరర్ మళ్లీ. "మరెవరు? ఒక్క పేరు చెప్పండి."

వేదిక మీద కోదండరామయ్య గారి కుడి భుజానికి డ్రైవరు మందు రాస్తున్నాడు. సభ అటు చూడలేదు.

హతుడి భార్య ఇందుమతి ముందు వరుసలో కూర్చుని ఉంది. హత్య సమయానికి ఇంట్లో నిద్రపోతున్నానని ఆమె వాంగ్మూలం. అందువల్ల ప్రతి ఏడాది ఆ పదకొండు నిమిషాలూ ఆమె ఇంట్లో మంచం మీద పడుకుని ఉంటుంది. నాలుగు వీధుల అవతల మొదటి ఆరు నిమిషాలు ఆమె భర్త బతికి ఉంటాడు. నాలుగేళ్ల కిందట, కొట్టు దాకా వెళ్లడానికి అనుమతి అడిగింది. వాంగ్మూలం మార్చుకోకుండా స్థానం మారదని, వాంగ్మూలం మార్చుకుంటే మొదటిది తప్పుడు సాక్ష్యమవుతుందని అధికారులు వివరించారు. ఆమె మైకు దగ్గరికి రాలేదు.

ఐదు ఇరవైకి ఆదెమ్మ వచ్చింది. మైకు ఆమె ఎత్తుకు దించారు.

"సామ్రాజ్యం నా ముందే ఉంది. నేను చూశాను. మాట్లాడాను కూడా."

"అది ఈ ఏడాది సంగతమ్మా," అన్నారు సుందరరావు. "మనం తేల్చేది ఆనాటి సంగతి."

"వచ్చింది ఆనాటి సాయంత్రమే గదయ్యా?"

"సాయంత్రం అదే. వాంగ్మూలం పాతది."

"పాతదాంట్లో డబ్బా అన్నాను. డబ్బా పక్కన మనిషి ఉంది."

"డబ్బాయే అన్నారు కదా. అలాగే రాశాం."

"ఇప్పుడు మనిషి అని రాసుకోండి."

చైర్మన్ గారు మైకు అందుకున్నారు. "పెద్దదానివి, ఎండలో నిలబడి వచ్చావు. మజ్జిగ తాగి కూర్చో ఆదెమ్మా," అన్నారు.

"తాగే వచ్చానండి," అంది ఆదెమ్మ. "చెయ్యి ఎట్టా ఉందండీ?"

చైర్మన్ గారు నయంగానే ఉందని చెప్పారు.

చేతులెత్తించారు. దోషి అన్నవాళ్లు నాలుగు వందల తొమ్మిది మంది. నిర్దోషి అన్నవాళ్లు ఎనిమిది మంది. కిందటేడు నలుగురు. పోస్టుమాన్ దోషి వైపు ఎత్తాడు. ఇందుమతి రెండుసార్లూ చెయ్యి ఎత్తలేదు. కేటాయించిన స్థానం వదిలినందుకు సామ్రాజ్యానికి మరో రెండేళ్ల శిక్ష ప్రతిపాదిస్తున్నట్టు అధికారి ప్రకటించారు. అర్జీ పెట్టినందుకు ఏప్రిల్ విడుదల జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు. చెప్పుకునేదేమైనా ఉందా అని, వేదిక పక్కన ఎస్కార్టుతో నిలబడి ఉన్న ఆమెను అడిగారు.

"వచ్చే ఏడాది కాయితం ఇప్పుడే ఇవ్వండి. మళ్లీ పిలవడం మీకూ శ్రమే," అంది సామ్రాజ్యం.

అర్జీలో 'సంఘటన సమయంలో మీ స్థానం' అనే గడిని ఇంతవరకు జైలు గుమాస్తా నింపేవాడు. 'తీర్పు ప్రకారం' అని రాసేవాడు. ఈసారి ఆమె తనే రాసింది. "కిరోసిన్ లైన్లో. డబ్బా పక్కన." వేడుకోలు గడిలో ఒక్క మాట రాసింది. "చంపలేదు." రసీదు నంబరు పదిహేను.

వాంగ్మూలాలు మార్చుకునేవాళ్ల కోసం ప్రతి ఏడాది సభ తర్వాత ఐదున్నర నుంచి ఆరు దాకా షెడ్డు గుమ్మం దగ్గర బల్ల వేసి రిజిస్టరు తెరుస్తారు. పదమూడేళ్లలో అందులో ఒక్క సంతకం లేదు. ఐదు యాభై రెండుకి ఆదెమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. రిజిస్టరు గుమాస్తా ఆమెకు ఫలితం వివరించాడు. కేసు పెడతారు, ఈ రాత్రే తీసుకుపోతారు అన్నాడు.

"తెలుసు నాయనా. బిళ్లలు తెచ్చుకున్నాలే," అంది ఆదెమ్మ. బీపీ మాత్రల పొట్లం కొంగుకు ముడివేసి ఉంది.

ఆమెకు సంతకం రాదు. వేలిముద్ర వేసింది. 'డబ్బా' అన్న చోట 'మనిషి' అని గుమాస్తా రాశాడు. ఆరు గంటలకు రిజిస్టరు మూసి సీలు వేశారు. మళ్లీ వచ్చే ఏడాది మార్చి పదకొండున తెరుస్తారు. అప్పటిదాకా బల్ల అక్కడే ఉంటుంది.

జైలు బండి ఆరు పదికి బయలుదేరింది. వచ్చేటప్పుడు ఒక ఖైదీని తెచ్చింది, వెళ్లేటప్పుడు ఇద్దరిని తీసుకువెళ్లింది. ఆరు ఇరవైకి ఎగ్జిబిట్ కోసం రేషన్ షాపు దగ్గరికి వెళ్లిన కోర్టు అటెండరుకు అక్కడ ఒక్క డబ్బా కనిపించలేదు. వెతుక్కుంటూ యార్డుకు వచ్చాడు. మూసిన రిజిస్టరు బల్ల ముందు డబ్బాలు వరుసలో ఉన్నాయి. మొదటిది ఏడో నంబరు ఎగ్జిబిట్. దాన్ని మినహాయించి అటెండరు లెక్కపెట్టి పదకొండని రాసుకున్నాడు. చుట్టుపక్కల మనుషులెవరూ లేరు. డబ్బాల మీద పేర్లు కూడా రాసుకున్నాడు. పది పాత పేర్లు. పదకొండో డబ్బా మీద పెయింటు ఇంకా ఆరలేదు. దాని మీద పి. ఇందుమతి అని ఉంది.