సైలెంట్ బ్లాకులో సింగిల్ రూమ్

హాస్టల్ గదిని ఎంచుకోవడం అందులో ఉండబోయే పిల్లల పని అనుకునే అమాయకులు ఇంకా కొందరు మిగిలే ఉన్నారట! వాళ్ల మీద నాకు కోపం లేదు. జాలి.

యూనివర్సిటీలో సీటు తెచ్చుకోవడం పిల్లల వంతు. ఒప్పుకుంటాను. రాత్రింబవళ్లు చదివారు, తెచ్చుకున్నారు. ఆ తర్వాత గది ఎంపిక అనే మహాకార్యం కూడా వాళ్ల నెత్తినే పెడితే ఇక పెద్దవాళ్లమంటూ ఉన్నదెందుకు? గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడానికా?

మా రోజుల్లో ఇంత భాగ్యం ఎక్కడేడ్చింది! హాస్టల్ గుమాస్తా తలెత్తకుండానే తాళంచెవి విసిరేవాడు. పట్టుకున్నవాడికి ఆ గది. పట్టుకోలేనివాడికీ ఆ గదే, కాకపోతే వంగి ఏరుకోవాలి. లోపల ఎవరున్నారో, గురకపెట్టేవాడో, గిటారు వాయించేవాడో, తలుపు తీస్తే గానీ తెలిసేది కాదు. చీకట్లో బతికామండీ!

ఇవాళ అలా కాదు. వెబ్‌సైట్ తెరిస్తే చాలు, పాత బ్లాకు, కొత్త బ్లాకు, సైలెంట్ బ్లాకు, నలుగురి గది, ఇద్దరి గది, సింగిల్ రూమ్, కిటికీ ఉన్నది, రెండు కిటికీలున్నది, కిటికీ ఉండీ తెరుచుకోనిది. ఇంట్లోంచి కదలకుండానే గదంతా తిరిగి చూసే వీడియో. దీనివల్ల కుటుంబాలు ఎంత దగ్గరవుతున్నాయో మీకు తెలుసా? మా బావా, ఆయన తమ్ముడూ ఎప్పుడో మాటలు మానేసిన మనుషులు. ఈ హాస్టల్ పుణ్యమా అని మళ్లీ మాట్లాడుకున్నారు. పోట్లాడుకోవడానికే అనుకోండి, మాట మాటే కదా!

నమ్మకం కుదరకపోతే మా అక్కావాళ్లింటి సంగతి వినండి.

మా అక్క రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సూక్ష్మజీవులతో దగ్గరి పరిచయం ఉండటం వల్ల మనుషుల్ని కాస్త దూరం పెడుతుంది. మా బావ లిఫ్ట్ మెకానిక్. ఊళ్లో ఉన్న లిఫ్టుల్లో సగం ఆయన చేతిమీదే నడుస్తాయి. ఆయన మాత్రం ఎక్కడికెళ్లినా మెట్లెక్కుతాడు. ఎందుకు బావా అంటే, "వాటి సంగతి నాకు తెలుసురా" అంటాడు.

వాళ్లకి ఒక్కగానొక్క కూతురు. అసలు పేరు సర్టిఫికెట్లలో ఉంది. ఇంట్లో అందరూ వసపిట్ట అంటారు, పని తొందరలో ఉన్నప్పుడు పిట్ట అంటారు. లేచింది మొదలు ఆ నోటికి విశ్రాంతి ఉండదు. బ్రష్ నోట్లో పెట్టుకుని కూడా మాట్లాడుతుంది. చదువు కూడా మాటే. ఏ పాఠమైనా ఎవరికో ఒకరికి చెబితే తప్ప దానికి బుర్రకెక్కదు. ఆ ఎవరో ఒకరు మా అమ్మ, అంటే పిట్టకి అమ్మమ్మ. ఆవిడ బడికెళ్లింది లేదు. మనవరాలి పుణ్యమా అని ఇప్పుడు కెమిస్ట్రీ మొత్తం ఆవిడ నాలుక మీద ఉంది.

సరే, సీటొచ్చింది. గది దరఖాస్తు తెరుచుకుంది. పైనే లావుపాటి అక్షరాలతో రాసుంది: విద్యార్థి స్వయంగా పూరించాలి.

"అదే కదా! దాని దరఖాస్తు మనం స్వయంగా పూరించకపోతే ఇంకెవరు పూరిస్తారు?" అంది మా అక్క, కళ్లజోడు సవరించుకుంటూ.

గదికి సరిపడా మనిషిని, మనిషికి సరిపడా గదిని కంప్యూటరే వెతికిపెడుతుందట. అందుకోసం కొన్ని ప్రశ్నలు. మీరు ఎన్నింటికి లేస్తారు? అక్క 'తెల్లవారుజామున' అని పెట్టింది. ఆ పిల్ల లేవాలంటే ముగ్గురం కలిసి దుప్పటి లాగాలి. మీ వస్తువులు ఎలా ఉంచుకుంటారు? 'చక్కగా సర్ది' అని పెట్టింది. పిట్ట జడ రబ్బర్లు మా ఇంట్లో ఇప్పటికీ దొరుకుతుంటాయి.

ఆ తర్వాత అసలు ప్రశ్న. మీరు ఎలా చదువుకుంటారు? నిశ్శబ్దంగా, సంగీతం వింటూ, బయటికి చెప్పుకుంటూ.

సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి పిట్ట గొంతు ఖంగుమంది. "నువ్వు చెప్పు అమ్మమ్మా, ఇప్పుడు సోడియం ఏం చేస్తుంది?"

"ఏం చేస్తుంది, ఉన్నది కాస్తా తీసుకెళ్లి ఆ క్లోరిన్ చేతిలో పోస్తుంది. మెత్తనివాళ్ల బతుకే అంత."

అక్క లేచి వెళ్లి తలుపేసి వచ్చింది. వచ్చి 'నిశ్శబ్దంగా' అన్నదాని మీద నొక్కింది.

ఇందులో అబద్ధం ఎక్కడుంది చెప్పండి? తలుపేశాక నిశ్శబ్దంగానే ఉంది మరి! చివర్లో 'మీ స్వభావం రెండు మాటల్లో' అని అడిగితే ఆ మాటలు నన్నే అడిగారు, రాసుకుని బతికేవాణ్ణి కనక. 'నోట్లో నాలుక లేని పిల్ల' అని చెప్పాను. రెండు మాటలు దాటాయి గానీ భావం బాగా కుదిరింది.

ఇలాంటి పెద్ద విషయాలు చర్చించుకోవడానికి ఫోన్లో ఒక గ్రూపు పెట్టాం. పేరు హాస్టల్ కమిటీ. అక్క, బావ, బావ తమ్ముడు, నేను. బావ తమ్ముడు డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు, ఏ విషయంలోనైనా ముందు బ్రేకు ఎక్కడుందో చూస్తాడు. పిట్టని గ్రూపులో చేర్చలేదు. చదువుకునే పిల్లకి డిస్టర్బెన్స్ ఎందుకు?

కందకు లేని దురద కత్తిపీటకెందుకని కొందరు మూతి విరుస్తారు. అయ్యా, కందకి ఏం తెలుసు? దురద విషయంలో అనుభవమంతా కత్తిపీటదే!

గ్రూపులో వాదనలు హోరాహోరీగా సాగాయి. బావ ఒకటే పట్టు, గ్రౌండ్ ఫ్లోర్. బావ తమ్ముడు గేటు పక్క గది, ఏదైనా అయితే ముందు బయటపడొచ్చని. అక్క సైలెంట్ బ్లాకు, సింగిల్ రూమ్, సొంత బాత్రూమ్. ఎందుకక్కా అంటే, "అది ఎవరికీ దొరకదట!" అంది. ఇంతకంటే బలమైన కారణం ఏ లాయరైనా చెప్పగలడా? దొరకనిది మంచిది. మంచిది మన పిల్లకి కావాలి. కాబట్టి దొరకనిది మన పిల్లకి కావాలి. నా ఓటు అక్కకే వేశాను.

తర్వాత యూనివర్సిటీవాళ్లు గదులు చూపించే రోజొకటి పెట్టారు. అందరం వెళ్లాం. మా అమ్మ కూడా వచ్చింది. ఆ రోజు క్యాంపస్ నిండా తల్లులు, తండ్రులు, మేనత్తలు, బాబాయిలు. గోడలు తట్టేవాళ్లు తడుతున్నారు, కుళాయిలు తిప్పేవాళ్లు తిప్పుతున్నారు. పిల్లలు మాత్రం వరండాల్లో నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. ఎంత క్రమశిక్షణ!

సైలెంట్ బ్లాకు ఐదో అంతస్తులో నమూనా గది. తెల్లటి గోడ, తెల్లటి బల్ల, ఒక మంచం, ఒక కుర్చీ. తలుపు మీద నోరు మూసుకున్న బొమ్మ. వరండాలో మాట్లాడకూడదు. గదిలో ఫోన్ మాట్లాడకూడదు. మాట్లాడాలంటే కిందికి దిగి తోటలోకి వెళ్లాలి, తోటకి కూడా వేళలున్నాయి. అక్క బల్ల మీద వేలితో రాసి, వేలు వెలుతురులో పెట్టి చూసి, మొహం చాటంత చేసుకుంది.

మా అమ్మ మంచం మీద కూర్చుని చుట్టూ చూసింది.

"రెండో మంచం ఏదే?"

"సింగిల్ రూమమ్మా. ఒక్కర్తే ఉంటుంది."

"అయ్యో పాపం! ఎవరూ దొరకలేదా?"

అందరం నవ్వాం. వరండాలోంచి ఎవరో ఉష్ అన్నారు. మా అమ్మ నవ్వలేదు. "అది పుట్టాక ఒక్క రోజు ఒంటరిగా పడుకున్నది లేదే. పాఠం ఎవరికి చెప్పుకుంటుంది? గోడకా?" అంది. పెద్దావిడ కదా, కొత్త పద్ధతులు అర్థం కావు. మంచినీళ్లిచ్చి ఊరుకోబెట్టాం.

బావ మాత్రం ఆ బ్లాకు లిఫ్టు దగ్గరే ఉండిపోయాడు. ఎక్కాడు, దిగాడు, చెవి ఆనించి విన్నాడు, తలుపు సందులోకి టార్చి వేసి చూశాడు. చివరికి తేటపడిన మొహంతో వచ్చి, "పర్వాలేదు, మంచి కంపెనీ" అన్నాడు. అంతే, గ్రౌండ్ ఫ్లోర్ వాదన గాలికి పోయింది. లిఫ్టు బాగుంటే మనిషి బాగుంటాడని ఆయన లెక్క.

ఇంతకీ పిట్ట ఏదని చూస్తే లేదు! వెతుక్కుంటూ పోతే పాత బ్లాకులో, పెచ్చులూడిన గోడల మధ్య, నలుగురి గదిలో ఎవరిదో మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చునుంది. సెకండియర్ అమ్మాయిలు చుట్టూ చేరారు. ఒకమ్మాయి జుట్టు దువ్వుకుంటూ, ఇంకొకమ్మాయి బట్టలు మడతపెడుతూ ఇది చెప్పేది వింటున్నారు. మధ్యమధ్య పగలబడి నవ్వుతున్నారు. గుమ్మంలో మమ్మల్ని చూసి పిట్ట ఎగిరి దూకింది.

"అమ్మా, వీళ్లకి ఫస్టియర్లో కెమిస్ట్రీ అస్సలు అర్థం కాలేదట, నేను చెబితే ఇప్పుడు అర్థమైందట! నాకు ఈ నలుగురి గది నచ్చిందమ్మా. నేనిక్కడే ఉంటా."

అక్క గదంతా కలియజూసింది. బాత్రూమ్ ఎంతమందికని అడిగింది. జవాబు విని కళ్లు మూసుకుంది.

"నచ్చడం వేరే, మంచిది వేరే. పద."

ఎంత గొప్ప మాట! రాసుకుని గోడకి తగిలించుకోవాల్సిన మాట. దారంతా పిట్ట బతిమాలుతూనే ఉంది. నాన్నా నువ్వు చెప్పు, మామయ్యా నువ్వైనా చెప్పు. నేను ప్రేమగా దాని తల నిమిరి, "మేమంతా నీ కోసమే కదమ్మా ఇంత తిరుగుతున్నది" అన్నాను. సలహాలిచ్చేవాడికి ఓర్పు ఉండాలి.

కొన్నాళ్లకి మెసేజ్ వచ్చింది. సైలెంట్ బ్లాకు, సింగిల్ రూమ్, ఐదో అంతస్తు! కంప్యూటర్ మా దరఖాస్తు చదివి మురిసిపోయిందన్నమాట. అలాంటి పిల్ల దానికి మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? అక్క ల్యాబంతా స్వీట్లు పంచింది. గ్రూపులో పూలగుత్తుల బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. బావ తమ్ముడు కూడా బ్రేకు మీంచి కాలు తీశాడు. పిట్టకి చెబితే "ఓహో" అంది. ఆనందంతో మాట రాలేదనుకున్నాం.

చేరే రోజు వచ్చింది. పరుపు, బకెట్, టేబుల్ ల్యాంపు, షూ ర్యాకు, ఫ్యాను ఉన్నా ఇంకో ఫ్యాను. అన్నీ ఎక్కేసరికి కారులో మా అమ్మకి చోటు లేకపోయింది. షూ ర్యాకు దింపుదామా, అమ్మని దింపుదామా అని కాసేపు ఆలోచించాం. ర్యాకు కొత్తది. అమ్మ గుమ్మంలోనే నిలబడి పిట్ట చెయ్యి పట్టుకుని, "గట్టిగా చెప్పుకుని చదువుకోవే. ఎవరేమన్నా ఆపకు" అంది. పిట్ట ఆవిడ భుజం మీద మొహం పెట్టి ఏడ్చింది. కారు హారన్ కొట్టింది బావ తమ్ముడే, ఆయనకి టైము ముఖ్యం.

హాస్టల్ ఆఫీసులో వార్డెన్ గారు పెద్దావిడ. పిట్ట కాగితాలు చూసి, పిట్టని చూసి, కాగితాలు పక్కన పెట్టింది. పిట్ట కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"అమ్మాయ్, ఒక మాట. పాత బ్లాకులో నలుగురి గదిలో ఒక మంచం ఖాళీ అయింది. సైలెంట్ బ్లాకు కోసం బోలెడుమంది కాచుక్కూర్చున్నారు. నువ్వు సరేనంటే ఇప్పుడే మార్చేస్తా. సంతకం పెట్టేశాక ఏడాదంతా ఇంక మార్చడం కుదరదు. ఏమంటావ్?"

"వద్దండీ," అంది అక్క.

"ఆ లిఫ్టు నేనే చూశానండీ," అన్నాడు బావ.

"గేటు కూడా దగ్గరే," అన్నాడు బావ తమ్ముడు.

"అమ్మాయికి ఏకాంతం ఇష్టమండీ," అన్నాను నేను.

వార్డెన్ గారు మా నలుగురినీ వరసగా చూసింది. "మిమ్మల్ని కాదండీ. అమ్మాయిని అడుగుతున్నాను."

పిట్ట వాళ్లమ్మ మొహంలోకి చూసింది. వాళ్ల నాన్నని చూసింది. నన్ను చూసింది. నేను ప్రోత్సాహంగా తలాడించాను. నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

"మీ ఇష్టం," అంది.

ఎంత మెల్లగా అందంటే, వార్డెన్ గారు బల్ల మీదుగా ముందుకి వంగి "ఏమన్నావమ్మా?" అని అడగాల్సి వచ్చింది. ఆ పిల్లని ఇన్నేళ్లలో ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదలు. 'కాస్త ఆపవే తల్లీ' అన్నవాళ్లమే అందరం. పిట్ట మళ్లీ చెప్పలేదు. పెన్ను తీసుకుని సంతకం పెట్టేసింది.

చూశారా పాఠక మహాశయులారా! సైలెంట్ బ్లాకంటే ఏమనుకున్నారు మరి? పిల్ల ఇంకా ఐదో అంతస్తు ఎక్కనే లేదు, బ్లాకు అప్పుడే పని చెయ్యడం మొదలుపెట్టింది!