యిత్కా చెప్పకుండా వెళ్ళడం

ఆరున్నరకు లేవాలి, చప్పుడు కాకుండా సామాను సర్దుకోవాలి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోవాలి. పోర్తో నగరంలో ఆ శుక్రవారం యిత్కా వేసుకున్న పథకం ఇంతే. ఎనిమిదిన్నరకు లియోన్ ఊరికి బస్సు. సోమవారం అక్కడ ఉద్యోగంలో చేరాలి. స్నేహితులు రాద్కా, వోయ్తా మాత్రం తమ ఊరు ఒలొమౌత్స్‌కు తిరిగి వెళ్తారు. మూడో తరగతి నుంచీ ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురు. నెల రోజులుగా వీపున సంచులు మోసుకుంటూ ఊళ్ళు తిరిగారు. ఇక ఆ బెంచీ ఖాళీ అని తలుచుకోవడమే యిత్కాకు ఇష్టం లేదు. రైలు కదిలేటప్పుడు ఊపే చేతుల్ని ఆమె చిన్నప్పటి నుంచీ చూసి ఎరుగదు, కళ్ళు మూసుకునేది.

యాత్రికులు దిగే హాస్టల్ గదిలో ఎనిమిది మంచాలు, ఎనిమిది రకాల ఊపిర్లు. కిటికీ అవతల నది మీద పొగమంచు పరుచుకుని, ఊరు ఇంకా కలలోంచి బయటికి రానట్టుంది. పై మంచం మీంచి రాద్కా చెయ్యి కిందికి వేలాడుతోంది. యిత్కా ఆ చేతిని తాకబోయి మానుకుంది. వెళ్ళేవాళ్ళు తమ పక్కబట్టలు తామే తీసి బుట్టలో వేయాలన్నది అక్కడి నియమం. దుప్పటి, గలీబు ఉండచుట్టి బుట్టలో పడేసి, ఫోను కూడా ఆపేసి మెట్లు దిగింది.

నది ఒడ్డు దాకా అంతా సవ్యంగానే జరిగింది. అక్కడ టికెట్టు కోసం నడుముసంచి విప్పితే పాస్‌పోర్టు లేదు. దొంగల భయంతో రోజూ దాన్ని దిండు గలీబులో దోపుకుని పడుకోవడం ఆమె అలవాటు. వీపు మీద సంచితో రెండు వందల మెట్లు ఎక్కి, చీకటి గదిలోకి దూరి, తన మంచం దగ్గర వంగి, గలీబు తీసేటప్పుడు జారిపడిందేమోనని దిండు కింద చెయ్యి పెట్టింది.

చేతికి గడ్డం తగిలింది.

"అమ్మో!" అంది యిత్కా.

"దొంగ!" అంది గడ్డం.

దీపాలు వెలిగాయి. ఖాళీ మంచమంటే మనిషి వెళ్ళిపోయినట్టే లెక్క. అందుకని ఊడ్చి తుడిచే దోనా ఫిలొమేనా ఉతికిన దుప్పటి పరిచి, అప్పుడే ప్రయాణం చేసి వచ్చిన తోర్మోద్ అనే నార్వే మనిషికి ఆ పక్క ఇచ్చేసింది.

"నేను దొంగను కాను! ఈ మంచం నాదే. అంటే, ఇందాకటి దాకా నాది."

"మా పాత ఇల్లు కూడా ఒకప్పుడు నాదే. అక్కడికెళ్ళి ఎవరి దిండు కిందా తడమట్లేదే!" అన్నాడు తోర్మోద్.

రాద్కా, వోయ్తాల మంచాలు కూడా ఖాళీ.

"నువ్వు వెళ్ళిపోయావని బస్‌స్టాండుకి పరిగెత్తారు తల్లీ," అంది గోల విని వచ్చిన ఫిలొమేనా. "ఆ పిల్లాడి ఒక కాలికి బూటు, ఇంకో కాలికి స్నానాల చెప్పు."

"నా గలీబేదీ?"

"బట్టలుతికే యంత్రంలో పడిందిగా!"

నేలమాళిగలో యంత్రం గిర్రున తిరుగుతోంది. ఉతకడం అయ్యేదాకా దాని తలుపు తెరుచుకోదు. ఇంకా నలభై నిమిషాలు.

"మా ఆయన కబుర్లలాంటిదే ఇదీ. మొదలైందంటే పూర్తవాల్సిందే," అంది ఫిలొమేనా.

గుండ్రటి అద్దం వెనక తెల్లని దుప్పట్లు పొగమంచులా తిరుగుతున్నాయి. వాటి మధ్య అప్పుడప్పుడూ ఎర్రగా ఏదో మెరుస్తోంది. "అదే! ఎర్ర అట్ట, నా పాస్‌పోర్టే!" అని యిత్కా నేల మీద చతికిలబడింది. గదిలో మిగిలిన ఐదుగురూ కాఫీ కప్పులతో దిగివచ్చి పక్కన కూర్చున్నారు. తోర్మోద్ తన రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు. ఆమె వెళ్ళిపోతోందని తెలిసి ఒక్కొక్కరే లేచి కావలించుకున్నారు. ఫిలొమేనా అయితే కళ్ళు కూడా ఒత్తుకుంది. రెండు వీడ్కోళ్ళు తప్పించుకోబోయిన మనిషికి ఏడు దక్కాయి. అంతలో ఎనిమిదిన్నర దాటింది.

యంత్రం ఆగింది. ఎర్రగా మెరిసింది పాస్‌పోర్టు కాదు, మూడు రోజులుగా కనబడని వోయ్తా మేజోడు. దుప్పట్లన్నీ గులాబి రంగులోకి మారాయి. ఫిలొమేనా ఈసారి నిజంగానే ఏడ్చింది. యిత్కా ఫోను ఆన్ చేసేసరికి అది వెంటనే మోగింది.

"ఎక్కడ చచ్చావే?" అంది రాద్కా. "బస్సు వెళ్ళిపోయింది. నీ పాస్‌పోర్టు పట్టుకుని పిచ్చిదానిలా నిలబడ్డాను ఇక్కడ!"

వాళ్ళు రొప్పుతూ వచ్చాక గానీ సంగతి బయటపడలేదు.

"రాత్రి నీ గలీబులోంచి నేనే తీశాను. చెప్పకుండా జారుకుంటావని నాకు తెలీదా? ఇది లేకపోతే నన్ను లేపి అడగాల్సిందేగా అనుకున్నా," అంది రాద్కా.

"లేదని చూసుకుంటే కదే అడిగేది!"

"రోజుకి పదిసార్లు తడిమి చూసుకుంటావు. ఇవాళే ఏమొచ్చింది?"

గలీబు తీస్తున్నంతసేపూ తను పైనుంచి వేలాడే చేతినే చూస్తూ నిలబడ్డ సంగతి యిత్కా చెప్పలేదు.

మర్నాటి బస్సుకు టికెట్టు దొరికింది గానీ మంచం దొరకలేదు. గులాబి దుప్పటి పరుచుకుని ఇద్దరూ రాద్కా మంచం మీదే ఇరుక్కున్నారు. యిత్కా మళ్ళీ జారుకుంటుందేమోనని రాద్కా ఆమె అలారం ఆపేసింది. రాద్కా లేచి ఏడుస్తుందేమోనని యిత్కా ఆమె అలారం ఆపేసింది. ఇద్దరి మీదా నమ్మకంతో వోయ్తా అసలు అలారమే పెట్టుకోలేదు.

శనివారం లియోన్ బస్సు మాత్రం సమయానికే బయలుదేరింది.