సత్యవేణి ఆకు

కొత్తరేవు కాలనీలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆస్పత్రిలో మనిషిని చూడరు, ఆ మనిషి పేరున్న ఆకును చూస్తారు. పూర్వం మనుషుల్నే చూసేవారు. నాలుక చాపమనేవారు, వీపు మీద గొట్టం ఆనించి ఊపిరి పీల్చమనేవారు. అయితే మనుషులతో పని అంత సుళువు కాదు. నొప్పి ఒకచోట ఉంటే ఇంకోచోట చూపిస్తారు. అత్తగారు పక్కనుంటే ఒకటి చెబుతారు, ఆవిడ మందుల కిటికీ దగ్గరికి వెళ్లగానే ఇంకోటి చెబుతారు. ఆకుతో ఆ తిప్పలు లేవు. మచ్చ ఉంటే ఉంది, లేకపోతే లేదు.

దీనికోసం కొత్తగా మొక్కలు పంచాల్సిన పని కూడా పడలేదు. కాలనీలో ప్రతి వరండాలోనూ సీసాలోనో కుండీలోనో మనీప్లాంట్ ఉండనే ఉంది. అడిగి తెచ్చుకున్న తీగ కలిసిరాదని, ఎవరికీ చెప్పకుండా తెంపుకొచ్చి నాటితేనే నిలుస్తుందని అందరికీ నమ్మకం కనుక, అక్కడ ప్రతి ఇంటి తీగా పక్కింటిదే. ఆస్పత్రివాళ్లు వచ్చి ఇంట్లో ఎంతమందో కనుక్కుని, ఒక్కొక్కరి పేరూ చీటీ మీద రాసి, ఒక్కో ఆకు కాడకు దారంతో కట్టి వెళ్లారు. పెద్దవాళ్లకు కింది ఆకులు, చిన్నవాళ్లకు పైవి. నాలుగు రోజులుండి వెళ్లే చుట్టాలకు కట్టక్కర్లేదన్నారు.

మూడో అంతస్తులో మాణిక్యాంబ ఇంటి తీగకు మూడు చీటీలున్నాయి. ఒకటి మాణిక్యాంబది, ఒకటి ఆవిడ కొడుకు ఆదివిష్ణుది, ఒకటి కోడలు సత్యవేణిది.

సత్యవేణికి వినాయకచవితి వెళ్లినప్పట్నుంచీ ఆయాసం. బిందె ఎత్తితే ఆయాసం, పక్క దులిపితే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందక గోడకు తలగడలు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. సాయంత్రానికి పాదాలు ఉబ్బిపోయి చెప్పులు పట్టేవి కావు. ఆకు మాత్రం అరచెయ్యంత వెడల్పున నిగనిగలాడుతూ ఉండేది.

అందుకు కారణం మాణిక్యాంబే. ఆవిడ చెడ్డ అత్తగారు కాదు. తను కొత్త కోడలిగా ఉన్నప్పుడు జ్వరం వస్తే, ఆ పూట బియ్యం తక్కువ పొయ్యొచ్చని సంతోషించిన అత్తగారిని ఆవిడ ఈనాటికీ మరిచిపోలేదు. తన కోడలికి అలా జరక్కూడదని, సత్యవేణి నీరసంగా కనిపించిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే ఆ ఆకును తడిగుడ్డతో తుడిచి, చుక్క కొబ్బరినూనె రాసేది. ఇల్లు తుడిచే పని, బట్టల పని ఎప్పట్లాగే కోడలిదే.

ఆదివిష్ణు ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతనికి ఏ రోగమూ లేదు. ఆకుకు మాత్రం గోధుమరంగు మచ్చలు లేచి, ఒక్కో మచ్చ చుట్టూ పసుపుపచ్చటి గీత పడింది. దాంతో మొగుడూ పెళ్లాం కలిసి కుండీ పట్టుకుని ఆస్పత్రికి వెళ్లారు. ఆదివిష్ణు రోగి కనుక బరువు ఎత్తకూడదు. కుండీ సత్యవేణి మోసింది.

డాక్టరు ప్రసూన మొదట ఆదివిష్ణు ఆకును చూసింది.

"దీనికి నీళ్లెవరు పోస్తారు?"

"మా ఆవిడేనండి."

"ఎక్కడ పోస్తుంది?"

"పైనుంచేనండి. మగ్గుతో."

"అదీ సంగతి. ఆకుల మీద తడి నిలిచిపోతే బూజు పడుతుంది. నీళ్లు మొదట్లోనే పొయ్యాలి. మచ్చ చిన్నదే కాబట్టి కొయ్యక్కర్లేదు, మందు చాలు. గాలి తగిలేలా ఉంచండి, పక్కవాళ్లకి ఆనించకండి. మీరు తలస్నానం మానెయ్యండి, కాళ్లు కడుక్కుంటే సరిపోతుంది."

తరవాత సత్యవేణి ఆకును కిటికీ వైపు తిప్పి, అడుగున గోటితో నిమిరి చూసింది.

"మీకేం లేదమ్మా. ఇంత ఆరోగ్యమైన ఆకు ఈమధ్య నేను చూళ్లేదు."

"రాత్రుళ్లు ఊపిరి అందట్లేదండి."

"ఎవరికి?"

"నాకేనండి. ఈ పాదాలు కూడా ఒకసారి చూడండి డాక్టరుగారూ."

"పాదాలు నా సబ్జెక్టు కాదమ్మా," అంది ప్రసూన నెమ్మదిగా. ఆవిడ మంచి డాక్టరు. అబద్ధం చెప్పే అలవాటు లేదు.

ఆదివిష్ణు సెలవు పెట్టి, కిటికీ పక్కన మంచం వేసుకుని పడుకున్నాడు. పొద్దున్న ఇడ్లీ, పదింటికి మజ్జిగ. పాపం, ఏం తోచేది కాదు. సత్యవేణి ఇంటి పనికి తోడు అతని సేవ కూడా చేసింది, ఈసారి నీళ్లు మొదట్లోనే పోసింది.

కింది అంతస్తులో ఉండే బుల్లెమ్మాయి ఒకరోజు సత్యవేణిని తన వరండాలో ఆపింది. ఆవిడకు డెబ్బై దాటాయి. బియ్యం బస్తా ఒక్కతే లోపలికి ఈడ్చుకోగలదు. ఆవిడ ఆకు మాత్రం సగం మాడిపోయి, మచ్చలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంది.

"ఏమే, మొహం అలా పీక్కుపోయింది?"

"ఆయాసం పిన్నిగారూ. ఆకేమో బాగుందంట."

"నా ఖర్మ చూడు. నేనేమో రోకలిబండలా ఉన్నాను, నా ఆకేమో జల్లెడైంది. కారం తినొద్దన్నారు, గడప దాటొద్దన్నారు. ఒక్కద్దాన్నీ కూర్చుని గోడలతో మాట్లాడుకుంటున్నా."

"ఆ ఆకేదో నాకుంటే నన్ను చూసేవాళ్లు కదండీ."

బుల్లెమ్మాయి కాసేపు ఆమె పాదాలకేసి చూసింది. "నువ్వడిగితే నేనివ్వాలి. ఇస్తే అది పట్టదు. కాబట్టి నువ్వు అడగలేదు, నేను వినలేదు. పొయ్యి మీద పాలున్నాయి, చూసొస్తానుండు."

ఆ పూట ఆవిడ అసలు పొయ్యే ముట్టించలేదు. లోపల గిన్నెలు అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు ఉండిపోయింది. సత్యవేణికి వంగితే ఆయాసం, లేస్తే ఆయాసం. ఆగి ఆగి ఆ ఆకును కణుపుతో సహా తెంపుకుంది. బయటికి వచ్చే ముందు బుల్లెమ్మాయి రెండుసార్లు దగ్గింది. కింద పడిన తన చీటీని తీసి పక్క ఆకుకు తనే కట్టుకుంది.

తెంపుకొచ్చింది కనుక, తమ కుండీలో గుచ్చితే కణుపు చక్కగా వేరు పట్టింది. సత్యవేణి తన చీటీని పచ్చటి ఆకు మీంచి విప్పి మచ్చల ఆకుకు కట్టింది. అది మాణిక్యాంబ కంట పడింది.

"అయ్యో తల్లీ, నీకిన్ని మచ్చలా? మరి చెప్పవేమే?"

"చెబుతూనే ఉన్నాను కదత్తయ్యా."

"ఏమోనే, చూసేదాకా నాకెలా తెలుస్తుంది," అని ఆవిడ కోడలి చేతిలో బకెట్టు లాక్కుంది. ఆ వారమంతా వంట ఆవిడే చేసింది. సత్యవేణి పగటిపూట నడుం వాల్చింది. ఆయాసం తగ్గలేదు గానీ, ఇంట్లో అందరూ ఆమెకు ఆయాసం ఉందని ఒప్పుకున్నారు. అది ఆమెకు కొంత తేలిగ్గా అనిపించింది.

ఈసారి కుండీ ఆదివిష్ణు మోశాడు. అతని ఆకు నయమైంది. డాక్టరు ప్రసూన సత్యవేణి ఆకును చూడగానే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఇదిగో, ఇలా ఉండాలి జబ్బంటే. ఎక్కడా సందేహం లేదు. అంచులు మెత్తబడ్డాయి చూశారా, వాసన కూడా వస్తోంది. ఇది మందులకు లొంగదు. కోసెయ్యాలి."

"కోసేస్తే ఆయాసం పోతుందాండి?"

"కొయ్యకపోతే తీగంతా పోతుందమ్మా. ఇంట్లో మిగతావాళ్లని కూడా చూసుకోవాలి కదా." ప్రసూన ఆదివిష్ణు వైపు తిరిగింది. "మీకేం అభ్యంతరం లేదుగా?"

"అందరికీ మంచిదైతే నాకెందుకండీ అభ్యంతరం," అన్నాడు ఆదివిష్ణు.

స్పిరిట్‌లో తుడిచిన కత్తెరతో ప్రసూన కాడను మొదలంటా కోసింది. ఆకును మూత ఉన్న డబ్బాలో పడేసి చేతులు కడుక్కుంది.

"అయిపోయిందమ్మా. మీకు తగ్గిపోయింది."

"ఆయాసం అలాగే ఉందండి."

"ఉండదమ్మా. ఆకే లేదు కదా."

బయట చీటీలు చూసే గుమాస్తాను సత్యవేణి అడిగింది, పాత పచ్చాకుకు తన చీటీ మళ్లీ కట్టుకోవచ్చా అని. అతను ఓపికగా చెప్పాడు.

"తగ్గినవాళ్ల చీటీ మళ్లీ కట్టరండి. ఆ ఆకు బాగుంది కాబట్టి ఉంచండి. రేపు మీ ఇంట్లోకి కొత్తగా ఎవరైనా వస్తే పనికొస్తుంది."

ఆదివిష్ణు ఆ ఆకు వంక కాసేపు చూశాడు. నిజమే, బాగుందన్నాడు.

కోడలికి నయమైందని మాణిక్యాంబ చుట్టాలందర్నీ భోజనానికి పిలిచింది. పూర్ణాలు సత్యవేణే వండింది. వచ్చినవాళ్లు ఆమె మొహంలో కళ వచ్చిందన్నారు. మర్నాటినుంచి బకెట్టు మళ్లీ ఆమె చేతికి వచ్చింది.

ఇప్పుడు ఆమె కూరగాయలు కొనుక్కుని వస్తూ రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుండిపోతుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ గోడవైపు ఒదిగి దాటుకుని వెళ్తారు. ఎవరూ విసుక్కోరు. కొత్తరేవు కాలనీలో ఏ మెట్లదారిలో చూసినా అలా ఒకళ్లో ఇద్దరో, ఎక్కువగా ఆడవాళ్లే, కమ్మీ పట్టుకుని కూర్చుని కనిపిస్తారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మాత్రం తెలియక ఆగి, ఏమైందమ్మా అని అడుగుతారు. ఆ కూర్చున్నవాళ్లు జవాబు చెప్పడానికి కొంచెంసేపు పడుతుంది. ఊపిరి కూడదీసుకుని, తగ్గిపోయిందండీ అంటారు.