మిగిలిన డీజిల్ మీద విచారణ

మా బస్సు డిపోలో ఘోరం జరిగిందని తెలియజేయడానికి మిక్కిలి చింతిస్తున్నాము. ఒక డ్రైవరు ట్యాంకులో డీజిల్ మిగుల్చుకొచ్చాడు. ఒకసారైతే పొరపాటని పెద్దమనసుతో వదిలేద్దుము. ఈ పెద్దమనిషి రోజూ మిగులుస్తున్నాడు!

ప్రయాణికులు ఈయనకు నత్త మామ అని పేరు పెట్టేశారు. తక్కిన డ్రైవర్లు యాక్సిలరేటరును నేలకు అదిమి, ఎదురుగాలితో కుస్తీ పట్టి, మలుపు మలుపుకీ బ్రేకులు అరగదీసి, ఖాళీ ట్యాంకుతో క్రమశిక్షణగా డిపో చేరతారు.

"నిజం చెప్పు, ఆ డీజిల్ ఎక్కడ కొట్టేశావ్?" అన్నారు మేనేజరుగారు.

"నిదానంగా తోలితే అదే మిగులుతోందండీ. నన్నేం చెయ్యమంటారు?"

"మళ్లీ ఎదురు సమాధానమా? నీ ఉద్యోగం సంగతి రేపు విచారణలో తేలుస్తాం."

ఇంట్లో భార్య తల పట్టుకుంది. "ఒక్కరోజు గట్టిగా తొక్కి రాకూడదూ? పిల్లదాని చదువు సగంలో ఉంది."

"తొక్కొచ్చే. ఇంకొకళ్ల పిల్లది అడ్డమొస్తేనో?"

మర్నాడు విచారణ సంఘంవారు ఆలస్యంగా, నుదుళ్లకు పట్టీలతో విచ్చేశారు. త్వరగా రావాలన్న దీక్షలో వారి కారు కాలవలోకి దిగింది. అయినా అధ్యక్షులవారు గొంతు తగ్గించలేదు. "వేగమే ప్రగతి! బ్రేకు వేసినవాడెవడూ చరిత్రకెక్కలేదు!" చప్పట్లు మోగాయి. చేతికి కట్టున్న సభ్యుడు తొడ మీద కొట్టుకున్నాడు.

రిపేరు షెడ్డు మేస్త్రీ కన్నీళ్లు పెట్టుకున్నాడు. "ఈయన బస్సు మా గడప తొక్కదండీ. మేమూ పెళ్లాంబిడ్డలున్నవాళ్లమే కదా!" ప్రయాణికుల ప్రతినిధి లేచి, ఈయన పుణ్యమా అని రోజూ సీరియల్ మొదటి సగం పోతోందని వాపోయాడు. నేరం రుజువైంది. ఉద్యోగం ఊడినట్టే.

ఉత్తర్వు మీద సంతకం పెట్టబోతూ అధ్యక్షులవారు కలం ఆపి గొణిగారు. "ఇంతకీ... మా మనవరాలి బడి బస్సుకి డ్రైవరు కావాలి. ఈయన్ని అక్కడ పెడితే?"

"మావాడూ ఆ బస్సే ఎక్కుతాడండీ!" అన్నాడు ప్రతినిధి. "మా బుడ్డదీ!" అన్నాడు మేస్త్రీ. అభ్యంతరమున్న చెయ్యి ఒక్కటీ లేవలేదు. మామ ఉద్యోగం నిలబడింది.

ఇప్పుడాయన పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకుని, నిమ్మళంగా బడికి చేరుస్తున్నాడు. వెనకాల కార్లూ స్కూటర్లూ బారులు తీరి హారన్లు మోగిస్తాయి. "ఏయ్ ముసలోడా! తోలడం రాకపోతే పక్కకి తియ్!" అని తల బయటపెట్టి అరిచేవాళ్లంతా ఆ పిల్లల కన్నతండ్రులే. నిన్న నేను రోడ్డు పక్కన నిలబడి చూశాను. మూడో కారులో ఉన్నది మీరే కదూ?