ఇంజను అరిచేదాకా ఆగండి

శనివారం పొద్దున్నే మాధవీలత ఉప్మా సగంలో వదిలేసి కారు తుడవడం మొదలుపెట్టింది. పదిన్నరకి డ్రైవింగ్ టెస్టు. ఇది మూడోసారి. సోమవారం నుంచి ఆవిడకి బ్యాంకు మస్తూరీ బ్రాంచిలో డ్యూటీ. సర్కండాలో వాళ్లింటి దగ్గర నుంచి పొద్దున్న అటు వెళ్లే బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు. "నా కారులో నేనే వస్తాను" అని బ్యాంకులో అందరి ముందూ చెప్పేసింది కూడా.

నేర్పింది మొగుడే. త్రినాథరావు గూడ్సుబండి లోకో పైలట్. నాలుగు వేల టన్నుల బొగ్గు లాక్కెళ్లే మనిషికి పాత చిన్న కారు ఒక లెక్కా! ఆయన సూత్రం ఒక్కటే. "ఇంజను గొంతు లేవకూడదే. ఇరవైకి రెండో గేరు, ముప్ఫైకి మూడు, నలభైకి నాలుగు. బండికి సుఖం, పెట్రోలు ఆదా." ఆ సూత్రం తప్పకుండా పాటించే ఆవిడ రెండుసార్లూ టెస్టులో ఎత్తు ఎక్కుతూ మూడో గేరు వేసి, కారుని నడిమధ్యలో ఆర్పేసింది.

రవాణా ఆఫీసు ఆవరణలో మరమ్మతులట. ఈసారి టెస్టు రాజ్‌కిశోర్ నగర్ దాటాక వచ్చే మైదానంలో అని మెసేజి వచ్చింది. అక్కడికి చేరేసరికి ఒకతను జెండా పట్టుకుని ఎదురొచ్చాడు.

"టెస్ట్ కే లియే?"

"హాఁ, టెస్టే!" అన్నారు ఇద్దరూ.

"అందర్ జాయియే."

లోపల బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన ఆవిణ్ణి చూడగానే కుర్చీలోంచి లేచాడు. "తీసరీ లేడీ మిల్ గయీ!" అని, మూడో ఆడమనిషి దొరికిందంటూ కేక పెట్టాడు. అవతల రెండు కార్ల పక్కన నిలబడ్డ ఇద్దరమ్మాయిలు చప్పట్లు కొట్టారు. టెస్టుకొస్తే ఇంత మర్యాద మాధవీలత ఎన్నడూ చూడలేదు. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. లైసెన్సు నంబరు గడిలో లెర్నర్ నంబరు రాసింది. ఆ సంబరంలో ఎవరూ దాన్ని చూడలేదు. కారు తలుపు మీద పదిహేడు అని అంటించి, చేతికి హెల్మెట్ ఇచ్చారు.

"కార్లో హెల్మెట్టేటండీ?"

"కొత్త రూలేమో, పెట్టీసుకో. మా రైల్వేలోనూ నెలకో రూలు తెస్తారు" అన్నాడు త్రినాథరావు. ఆయన్ని మాత్రం మైదానం చుట్టూ కట్టిన తాడు అవతలకి పంపేశారు.

జెండా ఊపగానే ఆవిడ సూత్రం ప్రకారం బయల్దేరింది. ఇరవైకి రెండు, ముప్ఫైకి మూడు. మట్టి మలుపులోకి మూడో గేరులోనే వెళ్లింది. కారు గజగజలాడి, దగ్గి, ఆరిపోయింది. మూడోసారీ పోయిందనుకుని ఆవిడ స్టీరింగు మీద తల ఆనించింది.

ఆ ఇద్దరిలో ఒకమ్మాయి, మీనూ, పరిగెత్తుకొచ్చింది. "ఆంటీజీ, యే సడక్ థోడీ హై!" అని నవ్వి, ఇది రోడ్డు కాదుగా అంటూ హిందీలో విడమరిచి చెప్పింది. రోడ్డు మీద తొందరగా గేరు మారిస్తే ప్రయాణం మెత్తగా ఉంటుంది. ఇక్కడ ఇంజను అరుస్తున్నప్పుడే దాని బలమంతా బయటికొస్తుంది. మలుపుకి ముందే గేరు తగ్గించుకోవాలి, మలుపులో దాన్ని ముట్టుకోకూడదు, తిన్నని దారిలో ఇంజను అరిచేదాకా ఆగి అప్పుడు మార్చాలి. ఇది టెస్ట్ రన్నేనట, అసలుది ఇంకా ఉందట. తప్పిన వాళ్లకి పాఠం చెప్పి రెండో అవకాశం ఇచ్చే టెస్టు! మాధవీలతకి ప్రభుత్వం మీద గౌరవం పెరిగింది.

రెండోసారి బయల్దేరింది. తాడు దగ్గర నుంచి త్రినాథరావు గొంతు చించుకుంటున్నాడు. "మూడెయ్యి! మూడెయ్యవే!" హెల్మెట్ లోపలికి ఆ మాట రాలేదు. ఆరు నెలలుగా ఆయన గొంతు తప్ప ఇంకేమీ వినని చెవులకి మొదటిసారి కారు గొంతు వినబడింది. బరువు మోస్తున్నప్పుడు దానిది ఒక గొంతు, 'చాలు, మార్చు' అన్నప్పుడు ఇంకో గొంతు. ఆవిడ రెండో గేరు పట్టుకుని మలుపు తిరిగింది. కారు ఆరిపోలేదు. దుమ్ము రేగింది. హెల్మెట్ లోపల ఆవిడ గట్టిగా నవ్వింది.

మీనూతో ఉన్న రెండో అమ్మాయి దారి పక్కన పెట్టిన కోన్లు రెండు పడగొట్టడంతో మాధవీలత ముగ్గురిలో రెండోదిగా నిలిచింది.

బహుమతులు ఇవ్వడానికి ముఖ్య అతిథిగా వచ్చినాయన రవాణా ఇన్‌స్పెక్టరు. రోడ్డు భద్రత గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, ఆవిడ చేతికి కప్పు ఇచ్చి, ఫోటోకి నవ్వాడు. మైకు పక్కనే ఉంది.

"సర్, లైసెన్స్ కూడా ఇవాళే ఇస్తారా?" అని హిందీలో అడిగింది మాధవీలత.

"ఏ లైసెన్స్?"

"డ్రైవింగ్ లైసెన్స్, సర్. దానికోసమే కదా టెస్టు ఇచ్చాను."

మైదానమంతా విన్నది. బల్ల దగ్గర పెద్దాయన పేర్ల రిజిస్టరు మెల్లగా మూసేశాడు. ఇన్‌స్పెక్టరు మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ రంగు దిగిపోయింది. "ఆ ఫోటో ఎక్కడికీ పంపకు" అన్నాడు ఫోటోగ్రాఫరుతో. అసలు టెస్టు గోడ అవతలి మైదానంలో జరుగుతోందని మీనూ చెప్పింది.

"రేసులోకి వచ్చీసినావేటి మాధవీ!" అన్నాడు త్రినాథరావు.

"హెల్మెట్ పెట్టీసుకోమన్నది ఎవరండీ?"

ఆడవాళ్ల రేసుకి ముగ్గురైనా లేకపోతే కుదరదన్న తొందరలో కాగితాలు చూడలేదని, తప్పంతా తనదేనని పెద్దాయన చేతులు జోడించాడు. మాధవీలత కప్పు తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరు ముందు బల్ల మీద పెట్టింది. "ఒంటిగంట దాకా నా టెస్టుకి టైముంది సర్. మీరే టెస్టు పెట్టండి. తప్పితే కప్పు కూడా మీరే ఉంచుకోండి" అంది హిందీలో.

గోడ అవతలి మైదానంలో ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చుని, రెండు చేతులతో తలుపు పైనున్న పిడి పట్టుకుని, కాళ్లు బిగించాడు. కానీ కారు పాలగిన్నె తీసుకెళుతున్నట్టు కదిలింది. ఇంజను కాస్త గొంతు సవరించుకోగానే రెండు, ఇంకాస్తకి మూడు. ఎత్తు కనబడగానే, కారు ఇంకా మొదలుకి చేరకముందే, ఆవిడ చెయ్యి రెండుకి దిగింది. ఇంజను గొంతు పెంచింది. ఆవిడ పెంచనిచ్చింది. దూరంగా త్రినాథరావు చెవులు మూసుకున్నాడు. కారు పైకెక్కి నిలబడింది.

"అక్కడ అంతలా అరిపించారు, ఇక్కడ ఇంత నిదానమేమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, పిడి వదిలి.

"అక్కడ గడియారం ఉంది సర్. ఇక్కడ మనుషులున్నారు."

ఇన్‌స్పెక్టరు కాగితం మీద పాస్ అని రాశాడు, సంతకం పెట్టాడు, ముద్ర వేశాడు, ఆ తర్వాతే ఫోటోగ్రాఫరుకి ఫోను చేసి, ఇక ఆ ఫోటో పేపరుకి ఇచ్చుకోవచ్చని చెప్పాడు.