సాదా డిస్కులకు దరఖాస్తు

ముందుగా క్షమించాలి. అక్షరాలు అరవై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను, ఒత్తులు ఇంకా నా మాట వినవు. రాయడమూ నిదానమే. ఈ కాస్త రాయడానికి పదకొండు రోజులు పట్టింది. ఇందులో చెప్పబోయే పని అన్ని రోజుల్లోనూ తెమల్లేదు కాబట్టి సిగ్గుపడటం లేదు.

చక్రం కనిపెట్టడం మనిషి చేసిన మొదటి ఘనకార్యం. ఆ చక్రాన్ని ఆపాలంటే దరఖాస్తు పెట్టుకొమ్మనడం రెండోది.

మా చెల్లెలు రోజూ పొద్దున నలుగురు పిల్లల్ని తన చిన్న కారులో బడికి దింపుతుంది. బడి రోడ్డు ఏటవాలుగా జారుకుంటూ వచ్చి సరిగ్గా గేటు దగ్గర ముగుస్తుంది. కారు కూడా అక్కడే ఆగాలని అందరి కోరిక. ఈ మధ్య బ్రేకు తొక్కితే మాడిన గిన్నె గీకినట్టు చప్పుడు వస్తోందని మెకానిక్‌కు చూపించింది. అతను ముందు చక్రాలు విప్పి, లోపల బ్రేకు పట్టే ఇనప డిస్కులను వేలితో రుద్ది చూపించాడు.

"చూడక్కా, ఎలా గాట్లు పడ్డాయో. అంచు పల్చబడి రేకులా అయింది. ఈ రెండూ మార్చేదాకా పిల్లల్ని ఎక్కించుకోకు."

"మార్చెయ్ తమ్ముడూ, నన్నడుగుతావేం?"

"ఏ రకం వెయ్యమంటావు?"

"ఆగే రకం."

"నీ కారుకి సాదావి చాల్లే. కానీ కొట్లో ఊరికే ఇవ్వట్లేదిప్పుడు. ఎంపిక సంఖ్య తెచ్చుకోవాలి."

కారు నడిపేవాళ్ళకు తమకేం కావాలో తెలియదని కనిపెట్టిన పెద్దలు, వాళ్ళ మేలు కోరి ఆ సంఖ్య ఇచ్చే ఎంపిక కేంద్రం ఒకటి తెరిచారు. (తెలిసినవాళ్ళకు వేరే ఫారం ఉంది. అది ఇంకా అచ్చు కాలేదు.) కేంద్రానికి వెళ్ళేముందు వాళ్ళ యాప్‌కు జవాబులు చెప్పుకోవాలి.

యాప్ మొదట కారు రంగు అడిగింది. తర్వాత, "మీరు సాధారణంగా దేనికోసం ఆగుతారు?" అని అడిగి, ఎర్రలైటు, కుక్క, చుట్టాలు, ఇతరం అని నాలుగు గళ్ళు చూపించింది. చెల్లెలు పిల్లల కోసం వెతికింది. లేరు. "ఇతరం" నొక్కితే, నూట యాభై అక్షరాలకు తగ్గకుండా వివరించమంది. (నా వల్లయితే అక్కడే నెల గడిచేది.) ఆ తర్వాత బొమ్మలు వచ్చాయి. చిల్లులున్న డిస్కులు, గాట్లు కోసినవి, చిల్లులూ గాట్లూ రెండూ ఉన్నవి, పందెం కార్లకు వేసేవి. సాదావి అట్టడుగున బూడిదరంగులో బిక్కుబిక్కుమంటున్నాయి. వాటిని నొక్కగానే, "జీవితంలో ఇంతకన్నా మెరుగైనది కోరుకోకపోవడానికి కారణం?" అని వచ్చింది.

"నా జీవితం సంగతి నీకెందుకు?" అంది చెల్లెలు, ఫోను మొహం మీదే.

"జవాబు నమోదైంది" అంది ఫోను.

నాలుగో రోజు కేంద్రం నుంచి పిలుపొచ్చింది. ఎంపికాధికారి బల్ల మీద ఒక బొమ్మకారు ఉంది. ఆయన దాన్ని ముందుకూ వెనక్కూ దొర్లిస్తూ మాట్లాడతారు.

"సాదావి కోరేవాళ్ళు రెండే రకాలమ్మా. నిరాశ ఉన్నవాళ్ళు, నిర్లక్ష్యం ఉన్నవాళ్ళు. మీరే రకం?"

"మెకానిక్ చెప్పాడండీ."

"నిర్లక్ష్యం" అని రాసుకున్నారు. "బండి ఏదీ?"

"ఇంటి దగ్గరుంది. బ్రేకులు బాగాలేవని కదా వచ్చింది!"

"బాగాలేవో లేదో మేం కళ్ళారా చూడాలి. బండి తనంతట తాను హాజరవ్వాలి. తాడు కట్టి లాక్కొస్తే హాజరు పడదు."

"దార్లో ఆగకపోతేనో?"

"వెంటనే మంజూరు చేస్తాం" అన్నారాయన ఎంతో ఆదరంగా.

ఈలోగా చెల్లెలు నలుగురి సంచులూ తన భుజాలకే తగిలించుకుని పిల్లల్ని బడికి నడిపిస్తోంది. ఒక తల్లి గుమ్మంలో నిలబడి, "ఏమనుకోకు పిన్నీ, సోమవారానికి కారు రాకపోతే పక్కవీధి వ్యాను మాట్లాడుకుంటాం. పిల్లాడి కాళ్ళు లాగేస్తున్నాయట" అంది. చెల్లెలు ఏమనుకోలేదు. అనుకోవడానికి ఊపిరాడితే కదా.

శుక్రవారం ఖాళీ కారును మొదటి గేరులో, హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి తియ్యకుండా, కేంద్రం దాకా నడిపించింది. ఆవరణలో తెల్లగీత దగ్గర బ్రేకు తొక్కమన్నారు. తొక్కింది. కారు కీచుమంటూ గీత దాటింది. "వరుసలో నిలబడండి" అన్న బోర్డునూ దాటింది. అధికారిగారు ఒక అడుగు వెనక్కి వేశారు, ఆ తర్వాత అడుగులు లెక్కపెట్టలేదు. గోడవార పాత టైర్ల గుట్ట ఉంది. కారు వెళ్ళి దాన్ని ధబ్బున గుద్దుకుని నిలబడిపోయింది.

అధికారిగారు చొక్కా సర్దుకుని వచ్చి చూశారు. "ఆగింది" అన్నారు.

"ఎక్కడ ఆగిందండీ? ఆ టైర్లు ఆపాయి!"

"ఏది ఆపిందో రాసే గడి ఫారంలో లేదమ్మా. ఆగిందా, లేదా. రెండే." ముద్ర కొట్టి కాగితం చేతికిచ్చారు. "వాహనం ఆగును. కొత్త డిస్కులు అనవసరం."

యాప్ ఆ శుభవార్తను పిల్లల ఇళ్ళకు కూడా పంపింది. చెల్లెలు ఇంటికి చేరేలోపే ఫోన్లు మొదలయ్యాయి.

"కాగితం వచ్చిందిగా పిన్నీ, ఇంకేం భయం? సోమవారం నుంచి కారు తెచ్చెయ్."

"తెస్తానమ్మా. వాలు దిగేటప్పుడు ఆ కాగితం చక్రం కింద అడ్డం పెట్టడానికి నువ్వొస్తావా?"

కారు తాళంచెవి మేకుకు తగిలించేసింది. సోమవారం ఆమె వెంట నడిచింది ఒక్క పిల్లే. మిగతా ముగ్గురూ పక్కవీధి వ్యానులోంచి చేతులూపారు. వ్యాను అద్దానికి అచ్చం తన కాగితంలాంటిదే అతికించి ఉండటం చెల్లెలు చూసింది.

"బాబాయ్, నువ్వెక్కడ ఆగి చూపించావు?" అని డ్రైవరును అడిగింది.

"అందరం అక్కడే కదమ్మా, ఆ టైర్ల దగ్గరే! గుద్దీ గుద్దీ పాడైపోయాయని మొన్న శనివారమే కొత్తవి తెప్పించారు. సాదావే. దరఖాస్తు కూడా లేకుండా."

ఇట్లు,
పెద్దక్క, వయసు డెబ్బై ఒకటి.
ప్రస్తుతం ఉంటున్నది బడి వాలు దిగువన, గేటు పక్క ఇంట్లో, వీధివైపు గది. వెనక గది ఇప్పించమని దరఖాస్తు పెట్టుకున్నాను.