ముఖం మీద ఫ్లాషే మేలు

పెళ్లి కుదరాలంటే జాతకాలెందుకండీ? ఫ్లాష్‌ను తిన్నగా పిల్ల ముఖం మీద కొట్టించండి, చాలు! ముక్కు, కన్ను, రంగు అన్నీ కొట్టుకుపోయి ఒక్క తెలుపు మిగులుతుంది. అబ్బాయి తరఫు వాళ్లకు కావలసిందీ అదేగా.

అయిజలో స్టూడియో నడిపే జుబేర్‌కు ఈ సత్యం ఎక్కలేదు. హైదరాబాద్‌లో పది రోజులుండి బౌన్స్ ఫ్లాష్ నేర్చుకొచ్చాడు. ఫ్లాష్ తలను పైకి తిప్పితే వెలుగు గది తెల్లటి పైకప్పుకు తగిలి, మెత్తగా ముఖం మీదికి దిగుతుందట. ఎర్ర షామియానా కిందైతే మనుషులు టమాటాల్లా వస్తారు కనుక, అక్కడ ఫ్లాష్‌కు తెల్ల అట్ట కట్టాలట. కరెంటు ఉంటే ఒక లెక్క, పోతే ఇంకో లెక్క. చదువెక్కువైతే మనిషి ఇలాగే పాడవుతాడు.

మానవపాడు రైతు చెన్నయ్య తన కూతురు యమునను ఫోటోకు తీసుకొచ్చాడు. వనపర్తి సంబంధం వాళ్లు ఫోటో నచ్చితేనే వస్తామన్నారు. పిల్ల చామనఛాయకు ఒక మెట్టు కింద. జుబేర్ ఫ్లాష్‌ను పైకి తిప్పాడు.

"ఏంది భాయ్, బిడ్డ ఈడ కూసుంటే మెరుపు మీదికి కొడుతున్నవ్? నేను కప్పుకు సంబంధం చూస్తున్ననా?" అన్నాడు చెన్నయ్య.

"జర ఆగన్నా. గిట్లయితే మొకం ఉన్నదున్నట్టు వస్తది."

"ఉన్నది ఇంట్ల రోజూ చూస్తనే ఉన్న. దానికి నీ దగ్గరికెందుకొస్త?"

తిరుగులేని వాదన! అంతలో కరెంటు పోయింది. జుబేర్ మొండివాడు. ఫ్లాష్ బలం పెంచి మళ్లీ పైకే కొట్టాడు. కెమెరా తెర మీద యమున ముఖం యమున ముఖంలాగే వచ్చింది, ఎడమ బుగ్గ సొట్టతో సహా. ఆ పిల్ల చాలాసేపు దాన్నే చూసుకుంది.

"నాయినా, గిదే పంపుదం" అంది.

చెన్నయ్య వినలేదు. జుబేర్ ఫ్లాష్‌ను కిందికి దించి, ముఖం మీదే కొట్టాడు. సున్నం గోడకు రెండు కళ్లు అతికించినట్టు వచ్చింది. వనపర్తికి వెళ్లింది అదే.

దాని మహిమ చూడండి! బుధవారానికల్లా జీపులో ఆరుగురు దిగారు. యమునే అందరికీ చాయ ఇచ్చింది. పిల్లవాడి తల్లి సుగుణమ్మ తాగి, కప్పు కింద పెట్టి, చేతిలోని ఫోటో సరిచేసుకుని లోపలి గది వైపు చూసింది.

"చాయ మంచిగున్నది. ఇగ పిల్లను పిలువుండ్రి."

చెన్నయ్య తల వంచుకున్నాడు. యమున ఖాళీ పళ్లెంతో ఆమె ఎదురుగానే నిలబడి ఉంది.

"ఆ పిల్ల ఈడ ఉండదమ్మా," అంది. "అయిజల స్టూడియోల ఉంటది. ఆడికే పోయి అడుగుండ్రి."